రక్తము పోతున్న వేళ శరీరము చేసే పని



మేము మేడ్చల్‌కు, శామీర్‌పేటకు మధ్య కాపురముంటున్నాము. మాకు ఒక ప్రక్క నాగపూరు వెళ్ళే 44వ నంబరు జాతీయ రహదారి, ఇంకొక ప్రక్క కరీంనగరు వెళ్ళే రాజీవ్ రహదారి. రెంటినీ కలుపుతూ ఔటర్ రింగు రోడ్డు. లారీలు, కంపెనీల బస్సులు, కాలేజీ పిల్లల మోటారు సైకిళ్ళు రాత్రింబవళ్ళు తిరుగుతూనే ఉంటాయి. వాటి మధ్యనుండి 108 బండి కూత వినబడని రోజు మాకు అరుదు.

ఆ 108తో మా ప్రాంతానికి ఒక బంధముంది. 2005 ఆగస్టు 15న అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో ఈ సేవ ప్రారంభమైనది. సత్యం కంప్యూటర్స్ రామలింగరాజుగారి కుటుంబము దానిని స్థాపించింది. 2009లో జి.వి.కె. సంస్థ ఆ బాధ్యత తీసుకొన్నది. దాని ముఖ్య కేంద్రము వెలసింది మేడ్చల్ రోడ్డున, శామీర్‌పేట మండలములోని దేవరయాంజాల్‌లోనే. తరువాత ఎన్నో రాష్ట్రాలకు ఈ సేవ వ్యాపించింది. 2007 నుండి అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయము వైద్యుల సహాయముతో అంబులెన్సు సిబ్బందికి అక్కడ శిక్షణ జరిగింది. ఒక మనిషి దారిలో ప్రాణము విడవకుండా ఏమి చేయాలో మన పిల్లలు నేర్చుకొన్న చోటు అది.

మేమిద్దరము బడిపంతుళ్ళముగా పనిచేసి విశ్రాంతి తీసుకొంటున్నవారము. రక్తప్రసరణ పాఠము పిల్లలకు ఎన్నోమార్లు చెప్పాము. గాని రక్తము వేగముగా పోతున్నప్పుడు శరీరము లోలోపల ఎంత పోరాడుతుందో మా యింటి బిడ్డ విషయములో కళ్ళారా చూశాము. తరువాత డాక్టర్లను అడిగి, పుస్తకాలు చదివి తెలుసుకొన్న సంగతులు మీతో పంచుకోవాలని ఇది వ్రాస్తున్నాము. ప్రతి కుటుంబానికీ ఒకనాడు అక్కరకు వచ్చే సంగతులు ఇవి.

బి.పి. బాగుంది, నాడి బాగలేదు

2018 నవంబరులో మా చిన్నమ్మాయికి మొదటి కాన్పు. మాకు దగ్గరలో ఉన్న ఒక ఆసుపత్రిలో రాత్రి పదకొండు గంటలకు సుఖముగా ప్రసవమైనది. ఆడపిల్ల. అందరము సంతోషముగా ఉన్నాము. ముప్పావు గంట గడిచిన తరువాత అమ్మాయి, "చలి పెడ్తుంది మమ్మీ, మంచినీళ్ళియ్యవా" అన్నది. చేతులు పట్టుకొని చూస్తే చల్లగా, చెమటగా ఉన్నాయి. పెదవులు పాలిపోయాయి. అయినా మాట స్పష్టముగానే ఉంది. పాపను చూపించమని అడుగుతూనే ఉంది.

సిస్టర్ వచ్చి బి.పి. చూసింది. 110/86. అల్లుడు ఊపిరి పీల్చుకొని, "బి.పి. బాగానే ఉన్నది గదా సిస్టర్" అన్నాడు. ఆమె మణికట్టు వదలకుండా గడియారము వైపే చూస్తూ, "బి.పి. బాగానే ఉన్నదన్నా, నాడి బాగలేదు. నూట ఇరవై ఆరు కొట్టుకుంటుంది. డాక్టరమ్మను పిలుస్తా" అని వెళ్ళింది. దుప్పటి తొలగించి చూసినప్పుడు గాని క్రింద ఎంత రక్తము పోయిందో తెలియలేదు.

ఆ సిస్టర్ వయస్సు పాతికకు మించదు. ఆమె చెప్పిన ఆ ఒక్క మాటలో రక్తస్రావ శాస్త్రమంతా ఇమిడి ఉన్నదని మాకు తరువాత అర్థమైనది. రక్తము పోతున్నా బి.పి. ఎందుకు పడిపోలేదు? నాడి ఎందుకు పరుగెత్తింది? చేతులు ఎందుకు చల్లబడ్డాయి? దాహము ఎందుకు వేసింది? ఈ నాలుగు ప్రశ్నలకూ జవాబు ఒక్కటే.

చెరువు, నీరటి

డెబ్బై కిలోల మనిషిలో సుమారు ఐదు లీటర్ల రక్తముంటుంది. యాభై కిలోల స్త్రీలో మూడున్నర లీటర్లకు అటు ఇటుగా ఉంటుంది. గర్భిణికి నెలలు నిండేసరికి ఇది దాదాపు సగము పెరుగుతుంది. కాన్పులో పోబోయే రక్తానికి శరీరము ముందుగానే కూడబెట్టుకొనే నిలవ అది. నెలలు నిండిన గర్భసంచికి నిమిషానికి అర లీటరుకు పైగా రక్తము ప్రవహిస్తుంది. మాయ ఊడిపోయాక గర్భసంచి గట్టిగా ముడుచుకొని ఆ నాళాల మూతులను నొక్కివేయాలి. అది ముడుచుకోకపోతే కొన్ని నిమిషాలలోనే ప్రాణము మీదికి వస్తుంది. మా అమ్మాయికి జరిగినది అదే.

మన శామీర్‌పేట చెరువు వంటి చెరువును తలచుకొంటే శరీరములోని ఏర్పాటు తేలికగా అర్థమవుతుంది. వెనుకటి రోజులలో చెరువు నీళ్ళు ఏ పొలానికి ఎంత వదలాలో చూడడానికి నీరటి ఉండేవాడు. వాన లేక నీటిమట్టము తగ్గితే అతడు కొన్ని తూములు మూసేవాడు, కొన్నిటికి సన్నగా వదిలేవాడు. మన శరీరములోను ఇటువంటి నీరటి ఉన్నాడు. అతడు కూర్చుండే చోటు మెదడు అడుగు భాగము. నీటిమట్టము చూసి అతనికి కబురు పెట్టే కావలివారు రెండు చోట్ల ఉన్నారు. మెడకు రెండు ప్రక్కల, దవడ క్రింద కెరోటిడ్ ధమని చీలే చోట కొందరు, గుండెనుండి బయలుదేరే మహాధమని వంపులో మరికొందరు.

రక్తనాళము గోడ ఎంత సాగుతున్నదో ఈ కావలివారు అనుక్షణము చూస్తుంటారు. రక్తము తగ్గి గోడ సాగడము తగ్గగానే నరాల ద్వారా మెదడుకు అందే సంకేతాలు తగ్గుతాయి. సెకన్లలో ఆజ్ఞ బయలుదేరుతుంది. గుండె వేగము పెరుగుతుంది, బలముగా కొట్టుకొంటుంది. మూత్రపిండాలపైన ఉండే గ్రంథులు అడ్రినలిన్ వదులుతాయి. మెడలోని ఈ చోటును, మహాధమనిని పరిశోధించి, అవి శ్వాసను ఎలా ప్రభావితము చేస్తాయో కనుగొన్న బెల్జియము శాస్త్రజ్ఞుడు కార్నెయ్ హేమన్స్‌కు 1938 సంవత్సరపు నోబెల్ బహుమతి వచ్చింది.

తరువాత తూములు మూసే పని. చర్మము, ప్రేగులు, కండరాలకు వెళ్ళే సన్నని ధమనులు ముడుచుకొంటాయి. అందుకే చేతులు, కాళ్ళు చల్లబడతాయి, ముఖము పాలిపోతుంది. చెమటను నడిపే నరాలు కూడా అదే ఆజ్ఞతో పనిచేస్తాయి గనుక ఆ చల్లని ఒళ్ళు చెమట పడుతుంది. గుండెకు, మెదడుకు వెళ్ళే తూములు మాత్రము తెరిచే ఉంటాయి. పిల్లలు ముందు తిననీ అని తాము పస్తుండే తల్లిదండ్రుల వలె మిగతా అవయవాలు తమ వాటా వదులుకొంటాయి.

ఇంకొక ఏర్పాటు చాలామందికి తెలియదు. మన రక్తములో మూడింట రెండు వంతుల దాకా సిరలలో ఉంటుంది. సిరలు మెత్తని సంచులవంటివి. ఆపదలో అవి బిగుసుకొని నిలవనంతా గుండె వైపు త్రోస్తాయి.

ఈ సర్దుబాట్లన్నిటి ఫలితము ఏమిటంటే, రక్తము పోతున్నా బి.పి. అంకె నిలబడి ఉంటుంది. పాఠ్యపుస్తకాల లెక్క ఇది: ఐదు లీటర్లలో 750 మిల్లీలీటర్ల వరకు పోయినా పెద్దగా తేడా కనబడదు. 750 నుండి 1500 మిల్లీలీటర్లు పోతే నాడి నిమిషానికి నూరు దాటుతుంది, గాని పై అంకె దాదాపు మామూలుగానే ఉంటుంది. తూములు బిగుసుకొన్నందువలన క్రింది అంకె పెరిగి, రెండు అంకెల మధ్య దూరము తగ్గుతుంది. అమ్మాయికి వచ్చిన 110/86 అటువంటిదే. 1500 దాటిన తరువాత గాని పై అంకె స్పష్టముగా పడిపోదు. అంటే బి.పి. పడిపోయేదాకా ఆగితే అప్పటికే రక్తములో మూడో వంతు పోయి ఉండవచ్చు. పడుచు వయస్సువారిలో, గర్భిణులలో ఈ సర్దుబాటు మరీ బలముగా ఉంటుంది. వారు చివరి వరకు బాగున్నట్లే కనిపించి ఒక్కసారిగా జారిపోతారు.

అందుకే డాక్టర్లు నాడి అంకెను బి.పి. పై అంకెతో భాగించి చూస్తారు. దీనికి షాక్ ఇండెక్స్ అని పేరు. 1967లో ఆల్గోవర్, బుర్రి అనే వైద్యులు దీనిని సూచించారు. ఆరోగ్యవంతులలో ఇది 0.5 నుండి 0.7 వరకు ఉంటుంది. బాలింతలలో 0.9 దాటితే జాగ్రత్తపడాలి. అమ్మాయి నాడి 126, పై అంకె 110. భాగించి చూడండి, 1.1 దాటుతుంది. ఆ సిస్టర్ లెక్క వేయలేదు. ఆమె వేళ్ళకే తెలిసిపోయింది.

నాడిని గూర్చిన ఈ వాదము మన హైదరాబాదుకు క్రొత్తది కాదు. 1888, 1889 సంవత్సరాలలో ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ కాలములో డాక్టర్ ఎడ్వర్డ్ లారీ ఇక్కడ క్లోరోఫాం మీద పెద్ద పరిశోధనలు జరిపించాడు. ఖర్చు నిజాము భరించాడు. జంతువుల రక్తపోటును యంత్రముతో గీతలుగా నమోదు చేసి, క్లోరోఫాం ముందుగా ఆపేది శ్వాసనే గనుక శ్వాసను కనిపెడితే చాలునని లారీ వాదించాడు. 1911లో లెవీ అనే శాస్త్రజ్ఞుడు క్లోరోఫాం గుండెనే హఠాత్తుగా ఆపగలదని ఋజువు చేశాడు. శ్వాసనూ చూడాలి, నాడినీ చూడాలి. ఒక్క అంకెను నమ్ముకొనకూడదని ఆ చరిత్ర నేర్పుతుంది.

దాహము, మూత్రము, రిపోర్టులోని అంకె

డాక్టరమ్మ వచ్చి గర్భసంచిని పైనుండి మర్దన చేస్తూ, ఆక్సిటోసిన్ ఎక్కించి, రెండు చేతులకు రెండు లావు సూదులు పెట్టించింది. ట్రానెగ్జామిక్ ఆసిడ్ ఇంజెక్షను ఇచ్చింది. రక్తస్రావము తగ్గింది గాని ఆగలేదు. అక్కడ రక్తనిధి లేదు. "చూడండమ్మా, ఇక్కడ పెట్టుకొని చూసే టైము కాదు, పెద్దాసుపత్రికి పోదాం. నేను కూడా వస్తా" అన్నది. 108 వచ్చింది. కండ్లకోయ, కొంపల్లి, సుచిత్ర, బోయినపల్లి దాటి వెళ్ళిన ఆ ప్రయాణము మేము జీవితములో మరువము.

దారిలో అమ్మాయి నీళ్ళు, నీళ్ళు అని అడుగుతూనే ఉంది. బండిలోని అబ్బాయి, "ఆంటీ, నోట్ల చుక్క కూడా పోయొద్దు. ఆపరేషను అవసరమైతే కష్టమైతది. దుప్పటి మాత్రము తియ్యకండి" అని చెప్పాడు. మధ్య మధ్య పెద్దాసుపత్రికి ఫోను చేసి, ఏ గ్రూపో చెప్పి, రక్తము సిద్ధము చేయమని కోరుతూ వచ్చాడు.

ఆ దాహము కూడా నీరటి పనియే. రక్తము తగ్గగానే మూత్రపిండాలు రెనిన్ అనే పదార్థమును వదులుతాయి. దాని వలన ఆంజియోటెన్సిన్ తయారవుతుంది. అది రక్తనాళాలను బిగిస్తుంది, దాహము పుట్టిస్తుంది, ఉప్పును నిలుపుకొమ్మని ఆల్డోస్టెరోన్‌ను పంపుతుంది. మెదడు క్రింది పిట్యూటరీ గ్రంథి వాసోప్రెసిన్ వదిలి నీటిని మూత్రముగా పోనివ్వకుండా ఆపుతుంది. అందుకే మూత్రము తగ్గిపోతుంది. పెద్దాసుపత్రిలో గొట్టము పెట్టినప్పుడు మొదటి గంటలో సంచిలోకి వచ్చినది పది మిల్లీలీటర్లే. యాభై కిలోల మనిషికి గంటకు కనీసము ఇరవై ఐదు రావాలి. అక్కడి పెద్ద డాక్టరు ఆ సంచి వైపు మాటిమాటికి చూడడము మాకు వింతగా తోచింది. ఆయన తరువాత, "లోపలి అవయవాలకు రక్తము అందుతున్నదా లేదా అని కిటికీలోనుండి చూడాలంటే ఆ కిటికీ మూత్రమేనండి. అది వస్తే నాకు సగము ధైర్యము" అన్నారు.

ఇంకొక సంగతి మమ్మల్ని భయపెట్టింది. మొదటి ఆసుపత్రిలో తీసిన రక్తములో హిమోగ్లోబిన్ 10.4. రెండు గంటల తరువాత 6.8. అంత రక్తము మళ్ళీ పోయిందా అని వణికిపోయాము. డాక్టరుగారు ఓపికగా వివరించారు. బిందెలోనుండి పాలు ఒలికిపోతే మిగిలిన పాలు చిక్కదనములో మారవు, పరిమాణమే తగ్గుతుంది. అందులో నీళ్ళు కలిస్తేనే పలుచబడతాయి. రక్తమూ అంతే. పోయిన వెంటనే చూస్తే హిమోగ్లోబిన్ అంకె మారదు. ధమనులు ముడుచుకొన్నందువలన కేశనాళికలలో ఒత్తిడి తగ్గి, కణాల చుట్టూ ఉన్న నీరు రక్తములోకి వచ్చి చేరుతుంది. కొద్ది గంటలలో ఇలా అర లీటరు, అంతకు మించి కూడా రావచ్చు. దానికి తోడు మనము ఎక్కించిన సెలైను. అప్పుడు అంకె పడిపోతుంది. మొదటి రిపోర్టు బాగున్నదని నిశ్చింతగా ఉండకూడదనేది ఇందులోని పాఠము.

శరీరము అలసిపోతే

ఈ సర్దుబాటు అప్పు తెచ్చి సంసారము నడపడము వంటిది. కొంతకాలమే సాగుతుంది. ఆమ్లజని అందని కణాలు వేరే దారిన శక్తిని తయారుచేసుకొని లాక్టిక్ ఆమ్లమును పోగుచేస్తాయి. ఒళ్ళు చల్లబడుతుంది. ఆమ్లము, చలి రెండూ రక్తము గడ్డకట్టే శక్తిని చెడగొడతాయి. గడ్డకట్టకపోతే మరింత రక్తము పోతుంది, మరింత చల్లబడుతుంది. ఈ మూడింటినీ కలిపి వైద్యులు మృత్యు త్రయము అంటారు. చివరకు బిగుసుకొన్న నాళాలే సడలిపోతాయి. అప్పుడు ఎంత రక్తమెక్కించినా నిలబడకపోవచ్చు. రోగి కలవరపడడము, పొంతన లేకుండా మాట్లాడడము, నిద్రమత్తుగా ఉండడము మెదడుకు కూడా రక్తము చాలడము లేదనడానికి గుర్తులు. "భయపడుతున్నది, పడుకోనివ్వండి" అని చుట్టాలు అనే సమయము అదే.

తిరిగి నింపడములోని జాగ్రత్త

రక్తము పోయినవారికి వెంటనే సీసాల కొద్దీ సెలైను ఎక్కించి బి.పి. పెంచడమే వైద్యమని చాలాకాలము అనుకొన్నారు. మొదటి ప్రపంచ యుద్ధములోనే అమెరికా శాస్త్రజ్ఞుడు వాల్టర్ కానన్ దీనిని శంకించాడు. రక్తము పోయే రంధ్రము మూయకుండా ఒత్తిడి పెంచితే అప్పుడే కట్టిన గడ్డ ఊడిపోతుందని ఆయన హెచ్చరించాడు. 1994లో అమెరికాలోని హ్యూస్టన్ నగరములో ఛాతీకి, పొట్టకు తుపాకి, కత్తి గాయాలైన 598 మంది విషయము ప్రచురించారు. దారిలోనే సెలైను ఎక్కించినవారిలో 62 శాతము బ్రదికారు. ఆపరేషను బల్ల చేరేదాకా ఆపినవారిలో 70 శాతము బ్రదికారు. తలకు దెబ్బ తగిలినవారికి ఈ పద్ధతి పనికిరాదు. మెదడుకు ఒత్తిడి తగ్గకూడదు. కాన్పులోను లెక్క వేరు. అయినా ముందు రంధ్రము మూయాలి, తరువాత నింపాలి అనే సూత్రము అందరికీ ఒకటే.

సెలైనులో ఆమ్లజనిని మోసే కణాలు లేవు, గడ్డకట్టించే పదార్థాలు లేవు. ఎక్కువైతే ఉన్న రక్తమును పలుచన చేస్తుంది, ఒళ్ళు చల్లబరుస్తుంది. అందుకే ఇప్పుడు పెద్ద రక్తస్రావాలలో ఎర్రకణాలతో పాటు ప్లాస్మా, ప్లేట్‌లెట్లు కూడా త్వరగా ఇస్తారు. నిలవ చేసిన రక్తములో గడ్డకట్టకుండా కలిపే సిట్రేటు మన రక్తములోని కాల్షియమును పట్టుకొంటుంది కాబట్టి కాల్షియమూ ఇస్తారు. ప్రసరణ తిరిగి వచ్చేటప్పుడు కూడా ప్రమాదము పొంచి ఉంటుంది. ఇన్నాళ్ళు పస్తున్న అవయవాలలో పోగైన ఆమ్లము, పొటాషియము ఒక్కసారిగా గుండెకు చేరుతాయి. అందుకే రక్తమెక్కినంతమాత్రాన డాక్టర్లు మంచము ప్రక్కనుండి కదలరు.

ట్రానెగ్జామిక్ ఆసిడ్ సంగతి ప్రత్యేకముగా చెప్పాలి. కట్టిన గడ్డను కరగనివ్వకుండా కాపాడే ఈ మందును 1962లో జపాను దంపతులు ఉతాకో ఒకమోతో, షోసుకే ఒకమోతో ప్రకటించారు. 2010లో 40 దేశాలలో 20,211 మంది గాయపడినవారిపై జరిగిన పరిశీలనలో ఇది మరణాలను తగ్గించిందని తేలింది. 2017లో 21 దేశాలలో 20,060 మంది బాలింతల పరిశీలనలో రక్తస్రావముతో చనిపోయేవారి సంఖ్య తగ్గింది. మూడు గంటల లోపు ఇస్తేనే మేలు. ఎంత త్వరగా ఇస్తే అంత మంచిది.

పోయిన రక్తమును కంటితో అంచనా వేయడము ఎంత కష్టమో మన ప్రక్క రాష్ట్రము కర్ణాటకలోని బెళగావిలో తేలింది. అక్కడి వైద్యులు కొలత గీతలున్న ప్లాస్టిక్ సంచిని బాలింత క్రింద ఉంచి చూస్తే, కంటి అంచనా మూడో వంతు తక్కువ పడుతున్నదని 2006లో ప్రకటించారు. 2023లో ఆఫ్రికాలోని నాలుగు దేశాలలో, 80 ఆసుపత్రులలో, రెండు లక్షలకు పైగా కాన్పులలో అటువంటి కొలత సంచితో పాటు మర్దన, మందులు, సెలైను ఒకేసారి మొదలుపెట్టే పద్ధతిని పరీక్షించారు. తీవ్రమైన ఆపదలు 60 శాతము తగ్గాయి. సంచి ఖర్చు స్వల్పము. దానిని చూసే కన్ను ఉండాలి.

మా అమ్మాయికి పెద్దాసుపత్రిలో గర్భసంచిలో బెలూను ఉంచి ఉబ్బించగా రక్తము ఆగింది. నాలుగు సంచుల ఎర్రకణాలు, నాలుగు సంచుల ప్లాస్మా ఎక్కించారు. తెల్లవారుజామున నాలుగు గంటలకు మూత్రపు సంచిలోకి నలభై మిల్లీలీటర్లు వచ్చిందని సిస్టర్ చెప్పినప్పుడు అల్లుడు గోడకు ఆనుకొని ఏడ్చేశాడు. రక్తనిధివారు తిరిగి జమ చేయమని అడిగితే సంఘములోని యువకులు ఎనిమిది మంది పొద్దుటికల్లా వచ్చి నిలబడ్డారు. అమ్మాయి ఆరవ రోజున ఇంటికి వచ్చింది. అయినా మెట్లెక్కితే ఆయాసము రెండు నెలలు ఉంది. నీటి భాగము ఒకటి రెండు రోజులలో సర్దుకొంటుంది గాని ఎర్రకణాలు ఎముకల మూలుగలో తయారు కావడానికి వారాలు పడుతుంది. వాటికి ఇనుము కావాలి.

మనము చేయదగినవి

గాయమునుండి రక్తము పోతుంటే శుభ్రమైన గుడ్డ పెట్టి అరచేతితో గట్టిగా అదమండి. తీసి తీసి చూడవద్దు. గుడ్డ తడిస్తే దానిమీదనే మరొకటి పెట్టి అదమండి. 108కు ఫోను చేయండి. మనిషిని పడుకోబెట్టి దుప్పటి కప్పండి. నోట ఏమియు పోయవద్దు.

బాలింతను మొదటి గంటలలో ఒంటరిగా విడువవద్దు. దుప్పటి క్రింద చూడండి. చలి, చెమట, దాహము, కలవరము, పరుగెత్తే నాడి, వీటిలో ఏది కనబడినా సిస్టర్‌ను పిలవండి. "బి.పి. బాగుంది" అన్నా, "నాడి ఎంతమ్మా?" అని వినయముగా అడగండి.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 లెక్క ప్రకారము మన దేశములో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతము మందికి రక్తహీనత ఉంది. ముందే తక్కువగా ఉన్నవారికి కొద్దిగా పోయినా ముప్పే. ఇంటిలోని ఆడపిల్లలకు, కోడళ్ళకు గర్భము రాకమునుపే రక్తపరీక్ష చేయించండి. ఐరన్ మాత్రలు మింగుతున్నారో లేదో చూడండి. అందరూ తిన్న తరువాత మిగిలినది తినే అలవాటు మాన్పించండి.

రోడ్డు మీద పడినవారిని చూసి, పోలీసు కేసవుతుందని భయపడి తప్పుకోవద్దు. సుప్రీంకోర్టు 2016 మార్చిలో ఇచ్చిన తీర్పు, 2019లో మోటారు వాహనాల చట్టములో చేర్చిన 134ఎ సెక్షను, సహాయము చేసినవారికి రక్షణనిస్తున్నాయి. పేరు చెప్పమని కూడా బలవంతపెట్టకూడదు. ఆ సహాయకునికి చట్టము పెట్టుకొన్న పేరు గుడ్ సమారిటన్. యెరికో దారిలో గాయపడినవానిని చూసి ఆగిన ఆ మంచి సమరయుని పేరు మన దేశపు చట్టములోకి ఎక్కింది. మేడ్చల్ రోడ్డున, శామీర్‌పేట రోడ్డున మనము ఆగకపోతే ఇంకెవరు ఆగుతారు?

చివరిగా, రక్తము ఇవ్వండి. 18 నుండి 65 ఏళ్ళ లోపువారు, 45 కిలోల బరువు, 12.5 హిమోగ్లోబిన్ ఉన్నవారు ఇవ్వవచ్చును. పురుషులు మూడు నెలలకొకసారి, స్త్రీలు నాలుగు నెలలకొకసారి. తీసుకొనేది 350 మిల్లీలీటర్లు. ఇంతవరకు చెప్పిన ఆ నీరటి మీకు తెలియకుండానే దానిని సర్దేస్తాడు. ఒకటి రెండు రోజులలో నీరు, కొన్ని వారాలలో కణాలు తిరిగి వస్తాయి. ఏ కర్మాగారములోను తయారుకాని మందు ఇది. ఒకరి ఒంటినుండి ఇంకొకరి ఒంటికి రావలసిందే.

ఈ పత్రిక ప్రక్కన పెట్టి, బొటనవ్రేలి మొదట మణికట్టు మీద మూడు వ్రేళ్ళు ఆనించి మీ నాడి చూసుకోండి. ఒక నిమిషము లెక్కపెట్టండి. తరువాత ఇంటిలో ప్రతివారి చేత చేయించండి. పిల్లలకు కూడా నేర్పండి. మామూలుగా ఉన్నప్పుడు ఎంతో తెలిసి ఉంటేనే, మామూలుగా లేనప్పుడు తేడా తెలుస్తుంది.